శాలువా ప్రకరణానికి పాస్‌వర్డు

ఆదోని,
సోమవారం.

చిరంజీవి దుర్గప్పకు ఆశీస్సులు.

నీవు క్షేమమని తలుస్తాను. నేను క్షేమంగా లేను. అందుకు కారణం నీవే.

పోయిన వారం నీవు ఎమ్మిగనూరు నుంచి మా ఇంటికి వచ్చావు. నా కంప్యూటర్ ముసలిదైపోయిందనీ, లోపలి వ్యవస్థ తీసేసి కొత్తది ఎక్కించకపోతే ఇక పని చేయదనీ చెప్పావు. మధ్యాహ్నమంతా కూర్చుని ఎక్కించావు. మా ఆవిడ తులసీబాయి పెట్టిన ఉగ్గాని మారు పెట్టించుకుని మరీ తిన్నావు. ఉగ్గాని విషయంలో నాకు ఫిర్యాదు లేదు. మిగతా అన్ని విషయాల్లోనూ ఉంది.

నీవు బస్సెక్కినప్పటి నుంచి ఆ యంత్రం నన్ను పాస్‌వర్డు అడుగుతోంది. నీవు చెప్పిపోయిన కొత్త పాస్‌వర్డు కొడితే వాకిలి తీస్తుంది. లోపలికి వెళ్ళి కూర్చున్నానో లేదో మళ్ళీ అడుగుతుంది. అదే పాస్‌వర్డు కొడితే తప్పంటుంది. ఈ-మెయిలు తెరిస్తే అడుగుతుంది, మూస్తే అడుగుతుంది. ఏమీ చేయకుండా చేతులు కట్టుకుని దాని మొహం చూస్తూ కూర్చున్నాను, అప్పుడూ అడిగింది. ‘నువ్వెవరు’ అన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి వేదాంతులకు ఒక జన్మ పట్టేది. దీనికి క్షణంలో కావాలి.

ఈ ఊరి కాలేజీలో పదవీ విరమణ దాకా తెలుగు చెప్పినవాణ్ణి. ఇంతవరకు నన్ను నువ్వెవరని అడిగినవాడు పెన్షను ఆఫీసు గుమాస్తా ఒక్కడే. వాడైనా ఏడాదికొకసారి, నేను బతికి ఉన్నానో లేదో తెలుసుకోవడానికి అడుగుతాడు. వాడి ఉద్దేశం నాకు అర్థమవుతుంది. దీని ఉద్దేశం అర్థం కావడం లేదు.

ఆదోనిలో కంప్యూటర్లు బాగు చేసేవాళ్ళు లేక నిన్ను పిలిపించలేదు. ఉన్న నలుగురితోనూ నేను మాట్లాడటం మానేశాను. నీవు నా పాత విద్యార్థివి, పరీక్షలో నా చేత తిట్లు తిన్నవాడివి కనుక విశ్వాసంగా ఉంటావనుకున్నాను. ఫోను చేస్తానంటావేమో, నేను ఎత్తను. ఫోనులో అన్న మాటకు సంతకం ఉండదు. జవాబు కాగితం మీద రాసి, మన రెండు ఊళ్ళ మధ్య బస్సు నడిపే అయ్యన్న చేతికి ఇవ్వు.

ఇట్లు,
శ్రీపాదరావు

తా.క.: పక్కింటి నాగన్న కూడా నీ చేతనే కొత్తది ఎక్కించుకున్నాడట. అతని కంప్యూటర్ అతన్ని ఏమీ అడగడం లేదట. అతన్ని అడగడానికి ఏముంది? పేపర్లో కూడా పత్తి ధర తప్ప ఏదీ చదవడు. మనకెందుకప్పా.


ఎమ్మిగనూరు,
మంగలారం.

శ్రీపాదరావు సారుకు దుర్గప్ప నమస్కారాలు.

సారూ మీ ఉత్తరం అయ్యన్న తెచ్చిచ్చినాడు. సదివినా. మీ మిషనుకు ఏం కాలేదు సారూ, బానే ఉండాది. అది కీచైన్ ప్రాబ్లం. పాతది కొడితే పోతాది. పాత పాస్‌వర్డు ఏందో సెప్పండి. లేదంటే నేనే వస్తా, పది నిముషాల పని. ఈ ఉత్తరం రాసేకి పొద్దున్నుంచి కూర్చోనుండా. షాపుకొచ్చినోళ్ళంతా నన్ను సూసి నగుతాండారు.

ఇట్లు,
దుర్గప్ప

తా.క. అంటే ఏంది సారూ? మీరు రాసినారని నేనూ రాస్తాండా.


ఆదోని,
గురువారం.

దుర్గప్పకు,

ఆశీస్సులు ఈసారి నిలిపి ఉంచాను.

నీ ఉత్తరాన్ని ఎర్ర సిరాతో దిద్ది దీనితోపాటు పంపుతున్నాను. మంగళవారానికి కూడా గాయమైంది, చూసుకో. కాలేజీలో నీకు పాసు మార్కులు వేసినవాడెవడో కనుక్కుంటాను. నేనైతే కాదు.

ఇక విషయం. కీచైన్ ప్రాబ్లం అని రాశావు. మా ఇంటి తాళాల గుత్తి ఇన్నాళ్ళూ కంప్యూటర్ పక్కనే ఉండేది. నీ మాట మీద దాన్ని తీసి వంటింట్లో మేకుకు తగిలించాను. అయినా అడుగుతోంది. మరునాడు దాన్ని వీధి గదిలోకి మార్చాను. అయినా అడుగుతోంది. నిన్న తులసీబాయి పాల ప్యాకెట్ కోసం బయలుదేరి, గేటు తాళాలు ఎక్కడున్నాయో తెలియక మెట్ల మీద కూర్చుంది. “ఏన్రీ, కంప్యూటర్‌కు జబ్బు చేస్తే నాకెందుకు పథ్యం?” అంది. గుత్తి తెచ్చి ఇచ్చానే కాని వివరించలేదు. ఇంట్లో ఒకరి అజ్ఞానం చాలు.

పాత పాస్‌వర్డు చెప్పమన్నావు. నాకు పాస్‌వర్డన్నదే ఉండేది కాదు. మీట నొక్కితే లేచేది. ఎంత మర్యాదస్తురాలు! దాన్ని నీవు చెడగొట్టావు.

ఇంటికి వస్తానన్నావు. వద్దు. ఒకసారి వచ్చినందుకే ఇంత జరిగింది. జబ్బేమిటో, ఎందుకు వచ్చిందో, ఎలా పోతుందో మంచి తెలుగులో, ఒక వాక్యం మరో వాక్యానికి చెయ్యి అందించేలా రాయి. రాయలేకపోతే రాయగల ఎవరినైనా పట్టుకో. ఎమ్మిగనూరులో అలాంటివాడు దొరుకుతాడని నాకు నమ్మకం లేదు.

ఇట్లు,
శ్రీపాదరావు

తా.క.: తా.క. అంటే తాజా కలం. చెప్పవలసినదంతా చెప్పాక, చెప్పకూడనిది చెప్పడానికి పెద్దలు చేసుకున్న ఏర్పాటు.


ఎమ్మిగనూరు,
శుక్రవారం.

పూజ్యులు శ్రీపాదరావు గారి సన్నిధికి, దుర్గప్ప నమస్కరించి విన్నవించేది.

తమ ఎర్ర సిరా శిరోధార్యం. ఈ ఉత్తరం షాపు కంప్యూటర్‌లోనే అచ్చు తీసి పంపుతున్నాను. అక్షరాలు వంకర పోతే ఆ తప్పు యంత్రానిదని మనవి.

తమ కంప్యూటర్ ఒక ఇల్లు అనుకోండి. దానికి వీధి వాకిలి ఉంది. లోపల ఒక బీరువా ఉంది. ఈ-మెయిలు, ఇంటర్నెట్టు, ఇంకా తాము దాచుకున్న కాగితాల తాళంచెవులన్నీ ఒక గుత్తిగా గుచ్చి ఆ బీరువాలో ఉంటాయి. ఆ గుత్తినే మా వాళ్ళు కీచైన్ అంటారు. అది మేకుకు తగిలించేది కాదు. అమ్మగారికి నా క్షమాపణలు చెప్పండి.

ఇదివరకు వాకిలికీ బీరువాకూ ఒకే తాళం. కంప్యూటర్ కొన్ననాడు ఎవరో వేసి, రోజూ దానంతటదే తెరుచుకునే ఏర్పాటు చేశారు. అందుకే తమకు తాళమే లేదనిపించింది. కొత్త వ్యవస్థ ఎక్కించేటప్పుడు పాతది తెలియక నేను వాకిలికి కొత్త తాళం వేశాను. బీరువాకు మాత్రం పాతదే ఉండిపోయింది. ఇప్పుడు ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరే బీరువా దగ్గరకు వచ్చి, అది తెరుచుకోక, తమ దగ్గరకు వచ్చి చెవి అడుగుతున్నారు. తాము కొత్త చెవి ఇస్తున్నారు. వాళ్ళు వెళ్ళి, పట్టక, మళ్ళీ వస్తున్నారు. అది తమను నువ్వెవరని అడగడం లేదు. పాపం, వాళ్ళ కష్టం వాళ్ళది.

మందు రెండు రకాలు. ఒకటి, పాత పాస్‌వర్డు కొట్టి బీరువా తెరిచి, దానికీ కొత్త తాళమే వేయడం. ఆ తర్వాత ఎవరూ అడగరు. రెండోది, ఆ బీరువాను పారేసి కొత్తది పెట్టడం. పాత గుత్తి దానితోపాటు పోతుంది. అందులో తమకు ముఖ్యమైనదేదైనా ఉందా?

విధేయుడు,
దుర్గప్ప

తా.క.: సారూ ఇది నా సేతి రాత. పైన రాసిందంతా కరెక్టే. నేను సదివించుకుని ఇన్నా.


ఆదోని,
శనివారం.

చిరంజీవి దుర్గప్పకు అనేక ఆశీస్సులు. నిలిపి ఉంచినవి కూడా కలిపి.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి విషయం కోసం. తర్వాత రెండుసార్లూ తెలుగు కోసం. ఎర్ర సిరా కలం మూత తీసి పట్టుకుని కూర్చున్నాను, సిరా ఆరిపోయింది కాని దిద్దడానికి చోటు దొరకలేదు. ‘పాపం, వాళ్ళ కష్టం వాళ్ళది’ అన్నావు చూడు, ఆ ఒక్క వాక్యం రాయలేకే ఈ జిల్లాలో ఎంతమంది పండితులు శాలువాలు కప్పించుకుని తిరుగుతున్నారో! తాజా కలంలో మాత్రం వినయంతో మళ్ళీ యాసలోకి దిగావు. అదీ ఒక శైలే.

ఇక ముఖ్యమైనదేదైనా ఉందా అని అడిగావు. ఉంది. నీవు మరిచిపోయినట్టున్నావు. నేను రాసిన ‘ఎవరెంత?’ అనే పుస్తకం ఆ కంప్యూటర్‌లోనే ఉంది. రెండేళ్ళ కిందట దాని పెట్టెకు నీవే ప్రత్యేకంగా తాళం వేసి, “దీని చెవి మిషనే తయారు జేసి పెట్టుకుంటాది సారూ, మీరు గుర్తు పెట్టుకునే పన్లేదు” అన్నావు. అంటే ఆ చెవి కూడా గుత్తిలోనే ఉంది. గుత్తి పోతే పుస్తకం పోతుంది. వేరే ప్రతి లేదు. కాగితం మీద పెడితే ఎవరైనా చదువుతారని భయం.

ఆ పుస్తకంలో ఈ ప్రాంతపు పండితులందరికీ తలా ఒక ప్రకరణం ఉంది. మనకెందుకప్పా అని ఇన్నేళ్ళు ఊరుకున్నవన్నీ అందులో రాశాను. అన్నిటికంటే పెద్దది శాలువా ప్రకరణం. అది జయతీర్థ మీద. నీకు తెలుసో లేదో, మా సాహితీ సంఘానికి నేను అధ్యక్షుడిగా ఉన్నప్పుడు అతను కార్యదర్శి. బడిపంతులు. రిటైరై ఇప్పుడు మీ ఊళ్ళోనే ఎక్కడో ఇల్లు కట్టుకుని ఉన్నాడట. ఎక్కడైతేనేం, మనకెందుకప్పా. వచ్చే నెల అతనికి మీ ఊరివాళ్ళు సన్మానం చేస్తున్నారు. ఆ రోజు ఆ సభలోనే నా పుస్తకం వెలువడాలి. ప్రెస్సువాడు శ్రావణమాసం ఉరుకుంద జాతర కరపత్రాలలో మునిగి ఉన్నాడు. నా కోసం మధ్యలో రెండు రోజులు ఖాళీ పెట్టాడు. ఆ లోపల నేను ఇవ్వకపోతే ఇంకెవరికో ఇచ్చేస్తాడు.

ఇప్పుడు అసలు సంగతి విను. ఆ కంప్యూటర్ సంఘానిది. సంఘం పోయాక నా దగ్గర మిగిలింది. దాన్ని కొన్ననాడు దుకాణంలో కూర్చుని పాస్‌వర్డులూ అవీ పెట్టించినవాడు కార్యదర్శి జయతీర్థే! అతన్ని బోనులో నిలబెట్టే పుస్తకానికి అతని దగ్గరే తాళంచెవి. నేను అడగను. పుస్తకం మట్టిలో కలిసినా సరే, అతన్ని మాత్రం అడగను. వేరే దారి చూడు.

ఇట్లు,
శ్రీపాదరావు

తా.క.: అయ్యన్న ఉత్తరం ఇస్తూ, “మీ ఉత్తరం పోతే ఆ మేడంతా నగుతాది సారూ” అన్నాడు. నా శైలి మీ షాపుకు వచ్చేవాళ్ళకు కూడా అందుతున్నదన్నమాట. సంతోషం.


ఎమ్మిగనూరు,
సోమవారం.

పూజ్యులకు దుర్గప్ప నమస్కారాలు.

తమ ఉత్తరం రెండుసార్లు చదివాను. ‘ఎవరెంత?’ అన్న పేరు ఎంత నిండుగా ఉంది! అలాంటి గ్రంథం ఆగిపోవడానికి వీల్లేదు. జయతీర్థ గారిని అడగవద్దన్నారు. సరే, అడగవద్దు.

మా వృత్తిలో ఒక అనుభవం ఉంది. సంఘాల కంప్యూటర్లకు కార్యదర్శులు పెట్టే పాస్‌వర్డు చాలావరకు అధ్యక్షుల వారి ఊతపదమే అయి ఉంటుంది. తమ నోట ఎప్పుడూ ఆడే మాట ఏదో అది ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టి చూడండి. ఆత్మపరిశీలనకు కూడా ఇదొక అవకాశం.

రెండోది, జబ్బు మూలం తెలియాలంటే రోగి పూర్వచరిత్ర తెలియాలి. ఆ శాలువా సంగతేమిటో కాస్త వివరంగా రాయగలరా? మొహమాటపడకుండా రాయండి. ఆ జయతీర్థ గారి తెలుగు ఎలా ఉంటుందో కూడా రెండు మాటలు రాస్తే వైద్యానికి ఉపకరిస్తుంది.

మూడోది చిన్న కోరిక. నా రాత గురించి తమ అభిప్రాయం ఒక్క ముక్క వేరే కాగితం మీద రాసి, సంతకం చేసి పంపితే పటం కట్టించుకుంటాను. ఈ జన్మకు అది చాలు.

విధేయుడు,
దుర్గప్ప

తా.క.: సారూ మీకు దండం పెడతా. నన్ను ఒక్క పది నిముషాలు రానియ్యండి. ఇది యాడికో పోతాంది.


ఆదోని,
గురువారం.

చిరంజీవి దుర్గప్పకు,

నీ సలహా ప్రకారం నా ఊతపదం ఏదో వెతికాను. ‘సత్యం’ కొట్టాను. కాదంది. ‘ధర్మం’. కాదంది. ‘నిష్పక్షపాతం’ కొట్టాను, అక్షరాలు ఎక్కువై నా వేలే తడబడిందేమోనని రెండోసారీ కొట్టాను. ‘వినయం’ కొడుతుంటే తులసీబాయి కాఫీ తెచ్చి వెనక నిలబడింది. “ఏం చేస్తున్నారు?” అంది. “నేను ఎప్పుడూ అనే మాట ఏదో వెతుకుతున్నాను” అన్నాను. కాఫీ గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకుని, కళ్ళవెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. “చెప్పనా?” అంది. “నీకు కంప్యూటర్ల గురించి ఏం తెలుసు?” అన్నాను. “అయితే నాకెందుకులెండి” అని లోపలికి పోయింది. ఆడవాళ్ళకు యంత్రం చూస్తే నవ్వెందుకు వస్తుందో! మనకెందుకప్పా.

ఇక శాలువా సంగతి. మా సంఘం వార్షికోత్సవంలో అధ్యక్షుడినైన నాకు సన్మానం జరపాలని తీర్మానం. శాలువా కొన్నారు. ఆకుపచ్చ పట్టు శాలువా. వేదిక మీద నేను మెడ కొంచెం ముందుకు వంచి కూర్చున్నాను కూడా. ఇంతలో బయట కార్లు ఆగాయి. పిలవని నాయకుడొకడు అనుచరులతో వచ్చి వేదికెక్కాడు. జయతీర్థ నా చెవి దగ్గరకు వంగి, “సార్, శాలువా ఒక్కటే ఉంది. ఎవరికి కప్పమంటారు?” అన్నాడు. నేను పెద్దమనిషిని కనుక మర్యాదకు ఏదో ఒక మాట అన్నాను. మర్యాదకు అన్న మాట మర్యాదకు అన్నదే అని తెలుసుకోవద్దా? తీసుకుపోయి ఆ నాయకుడికి కప్పాడు! చప్పట్లు. తర్వాత నా కోసం ఎవరో బజారుకు పరుగెత్తి తువ్వాలు తెచ్చారు. మీ ఎమ్మిగనూరు మగ్గం తువ్వాలు. గళ్ళది. ఫోటోలో నేను అప్పుడే స్నానం చేసి వచ్చినవాడిలా ఉంటాను.

ఆ తువ్వాలు పారేయలేదు. కంప్యూటర్ మీద దుమ్ము పడకుండా కప్పుతున్నాను. రోజూ ఉదయం దాన్ని తీస్తాను, జయతీర్థను తలుచుకుంటాను, అప్పుడు రాయడానికి కూర్చుంటాను. పుస్తకం అంత బాగా రావడానికి కారణం అదే.

అతని తెలుగు గురించి అడిగావు. తడిసిన పత్తి బేలు. మోయడమే తప్ప విప్పడం ఉండదు. అతను నీ దగ్గర ఆరు నెలలు కూర్చుని దిద్దుకుంటే బాగుపడవచ్చు.

నీవు కోరిన కాగితం జత చేశాను. పటం కట్టించుకో. ఇంతకీ నాకు దారి ఏది? ప్రెస్సువాడు రేపటి వరకే చూస్తానన్నాడు. యంత్రం ఈ ఉత్తరం రాస్తుండగా కూడా అడుగుతూనే ఉంది.

ఇట్లు,
శ్రీపాదరావు

జత: “ఆదోని, ఎమ్మిగనూరు సీమలో నేడు తెలుగు తెలిసి రాస్తున్న చెయ్యి ఒక్కటే ఉంది. అది ఈ చెయ్యి. దీని వాక్యంలో నేను దిద్దగలిగింది ఏమీ లేదు. నా ఎర్ర సిరా ఓడిపోయింది. – శ్రీపాదరావు, విశ్రాంత తెలుగు ఉపన్యాసకుడు.”


ఎమ్మిగనూరు,
ఆదివారం.

మహారాజశ్రీ శ్రీపాదరావు గారికి, నమస్కారాలు.

నేను క్షేమం. మీ ఉత్తరాలన్నీ చదివాక మరీ క్షేమం.

దుర్గప్ప షాపు మా ఇంటి కింది భాగంలో ఉంది. పైన నేను ఉంటాను. మీరు ఎర్ర సిరాతో దిద్ది పంపిన కాగితం పట్టుకుని అతను మెట్లెక్కి వచ్చాడు. “సారూ, నాకు జరమొచ్చేట్టుండాది. మిషను బాగు జేయమంటే సేస్తా గానీ తెలుగు రాయమంటే యాడ సచ్చేది? మీరే రాసియ్యండప్పా. అచ్చు దీసి నేను సంతకం పెడతా” అన్నాడు. నేను “మనకెందుకప్పా” అనబోయాను. అది మీ సొత్తని గుర్తొచ్చి, మానుకుని, కళ్ళద్దాలు పెట్టుకున్నాను.

పాస్‌వర్డు అదే.

మీకు జ్ఞాపకం ఉండదు. ఆ రోజు దుకాణంలో మీరూ ఉన్నారు. బయట కుర్చీ వేయించుకుని పేపరు చదువుతున్నారు. “పాస్‌వర్డు ఏం పెట్టమంటారు?” అని దుకాణదారు అడిగితే, అధ్యక్షులను సంప్రదించకుండా ఏ పనీ చేయని కార్యదర్శిని కనుక, బయటికి వచ్చి మిమ్మల్ని అడిగాను. మీరు పేపరులోంచి తల ఎత్తకుండా ఆ మాట అన్నారు. అదే పెట్టించాను. manakendukappa. అన్నీ చిన్న అక్షరాలు, మధ్యలో ఖాళీ లేదు.

శాలువా నాడు మీరు మర్యాదకు అన్న ఆ ‘ఏదో ఒక మాట’ కూడా ఇదే. అప్పుడు కూడా కార్యదర్శి అధ్యక్షుల ఆదేశాన్ని పాటించాడు. శాలువా ఆకుపచ్చది కాదు, మెరూన్. గ్రంథంలో సరిదిద్దుకోగలరు.

మీ ప్రెస్సువాడు ఖాళీ పెట్టిన రెండు రోజులు వృథా పోలేదు. మీ నుంచి ఏదీ రాకపోయేసరికి, శుక్రవారం సాయంత్రం అతనే నాకు ఫోను చేశాడు. నా వ్యాసాల పుస్తకం సిద్ధంగా ఉంది, పంపాను. సన్మానం నాడు అదే వెలువడుతుంది. వెనక అట్ట మీద మీరు పంపిన అభిప్రాయం ఉంటుంది, ‘ఈ చెయ్యి’ నాదే కనుక. సంతకంతో సహా. ఎర్ర సిరాలోనే అచ్చు వేయమన్నాను. తడిసిన పత్తి బేలు గురించి రాసింది కూడా వేయాలనిపించింది, స్థలం చాలలేదు.

మీ పుస్తకం కూడా మీరు నిశ్చింతగా అచ్చు వేయండి. శాలువా ప్రకరణంలో నా తెలుగును ఎంత తిట్టినా, నా అట్ట మీద మీ పొగడ్త ఉంటుంది. పాఠకులు రెండూ కొంటారు.

భవదీయుడు,
జయతీర్థ

తా.క.: సారూ నేను దుర్గప్ప. నా తప్పు లేదు. పాతది ఒకసారి కొట్టి, కీచైన్ పాస్‌వర్డు మార్సు అని ఉంటాది, ఆడ నొక్కి కొత్తది రెండుసార్లు కొట్టండి. అంతే. ఇది నేను మొదటి ఉత్తరంలోనే సెప్పినా. మీరు దాన్ని దిద్ది పంపిస్తిరి.


ఆదోని,
మంగళవారం.

దుర్గప్ప షాపు పైన నివాసం ఉండేవారికి,

తెరుచుకుంది.

మొదట ఆ మాట కొట్టడానికి నా మనసు ఒప్పలేదు. అది నా ఊతపదమన్నది కట్టుకథ. రుజువు కోసం నా పాత ఉత్తరాల నకళ్ళు తీసి చూశాను. చూసి మళ్ళీ లోపల పెట్టాను. తులసీబాయిని పిలిచి, “నేను ఎప్పుడూ ఏ మాట అంటాను?” అని అడిగాను. ఆమె చెప్పింది. “మరి అప్పుడే చెప్పి ఉండవచ్చు కదా” అన్నాను. “నాకెందుకప్పా అనుకున్నా” అంది. ఇంటికంతా అంటించానని అప్పుడు తెలిసింది.

బీరువా తీసి, కొత్త తాళం వేసి, ఈ-మెయిలు తెరిచాను, మూశాను, మళ్ళీ తెరిచాను. అడగలేదు. చేతులు కట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. అయినా అడగలేదు. ఇన్ని రోజులు నువ్వెవరని పీడించింది ఇప్పుడు నన్ను లెక్కే చేయడం లేదు. ఇదీ ఒక రకం అవమానమే.

పుస్తకం క్షేమంగా ఉంది. నిన్న పగలంతా చదివాను. బాగుంది. అచ్చు తప్పులు మాత్రం చాలా ఉన్నాయి. ప్రూఫులు దిద్దడానికి మనిషి కావాలి. ఆదోనిలో ఆ పని వచ్చినవాళ్ళు ఆరుగురు ఉన్నారు. ఆ ఆరుగురి మీదా ఇందులో ప్రకరణాలున్నాయి, కనుక వాళ్ళకు పంపలేను. ఏడో మనిషి మీదా ఉంది. కాని అతను తన ప్రకరణం ఇదివరకే ఉత్తరంలో చదివేశాడు. అందుచేత ‘ఎవరెంత?’ మొత్తం ప్రతిని అయ్యన్న చేతికి ఇచ్చి పంపుతున్నాను. దిద్దేది తప్పులను మాత్రమే. అభిప్రాయాలను కాదు. శాలువా ప్రకరణంలో రంగు ఒక్కటి మార్చుకోవచ్చు.

వెనక అట్ట గురించి నేనేమీ అనను. సంతకం నాది. ఫోనులో చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

సభకు రాను.

ఇట్లు,
శ్రీపాదరావు

తా.క.: అయ్యన్న ఒక సంచీ కూడా ఇస్తాడు. అందులో గళ్ళ తువ్వాలు ఉంది, తులసీబాయి ఉతికి మడత పెట్టింది. సన్మానం నాడు దాన్ని వేదిక దగ్గర సిద్ధంగా ఉంచుకోవలసింది. బయట కార్లు ఆగిన చప్పుడైతే పనికొస్తుంది.